తిప్పేస్వామి విడిదిలో ఫ్రిజ్

హగరి ఏటి ఒడ్డున, ఇసుకదిబ్బల నడుమ గుడిసెల విడిది నడిపే తిప్పేస్వామికి, ఎవరేమి అడిగినా ‘లేదు’ అనే మాట మాత్రం నోటికి వచ్చేది కాదు.

అదొక చిత్రమైన చోటు. ఏటి గాలి ఏళ్ళ తరబడి ఎత్తిపోసిన ఇసుక అక్కడ గుట్టలు గుట్టలుగా పేరుకుపోయింది. నడుమ నిలబడి చూస్తే ఎడారిలో ఉన్నట్టే ఉండేది. చెట్టంటే తుమ్మచెట్టు, నీడంటే గుడిసె నీడ. పట్నాల నుంచి జనం డేరాలు తెచ్చుకుని, ఇసుక మీద పడుకుని చుక్కలు చూడటానికి అక్కడికి వచ్చేవారు. డేరాలు లేనివాళ్ళు తిప్పేస్వామి వేసిన బోదగడ్డి గుడిసెల్లో దిగేవారు. ఒక గొర్రెల దొడ్డి, ఒక ఎద్దులబండి, కట్టెల పొయ్యి మీద ఉడికే రాగిసంగటి, దాంట్లోకి వేరుశనగల ఊరిబిండి. అక్కడ ఉన్నది ఇంతే. ఆ ఇంతే కోసమే జనం అంత దూరం వచ్చేవారు.

కానీ తిప్పేస్వామికి ఆ నమ్మకం ఎప్పుడూ కలిగేది కాదు. ‘లేదు’ అంటే వచ్చేవాళ్ళు మానుకుంటారేమో, వచ్చినవాళ్ళు చిన్నచూపు చూస్తారేమో అని లోపల ఒకటే భయం.

“పంపులో వేడినీళ్ళు వస్తాయా?” అని ఫోనులో ఎవరైనా అడిగితే, “వస్తాయండీ” అనేవాడు. వాళ్ళు వచ్చిన రోజు తెల్లవారకముందే అతని భార్య మారెక్క కాగుల కొద్దీ నీళ్ళు కాచి బకెట్లు మోసేది. “పంపు ఈ రోజే మొరాయించిందండీ” అని తిప్పేస్వామి నవ్వేవాడు.

“ఒంటె ఎక్కొచ్చా?” అని అడిగితే, “ఎక్కొచ్చండీ” అనేవాడు. తీరా వచ్చాక, “నిన్ననే జాతరకు తోలుకుపోయినారు” అనేవాడు. పిల్లలు ముఖాలు వేలాడేసేవారు. అంతలో ఒక గొర్రెపిల్లను ఎత్తి వాళ్ళ చేతుల్లో పెడితే ఒంటె మాట మరిచిపోయేవారు.

“ఏంటికయ్యా ఈ అబద్ధాలు?” అని మారెక్క విసుక్కునేది. “లేనిది లేదని చెప్తే నీ నోరేమన్నా అరిగిపోతుందా?”

“అబద్ధమేముందే ఇందులో? అడిగినవాళ్ళ మనసు చిన్నబుచ్చడం ఏంటికని! వచ్చినాక ఏదో ఒకటి సర్దుకోవచ్చు” అనేవాడు.

నిజానికి అప్పటిదాకా ఏదో ఒకటి సర్దుతూనే వచ్చాడు. అందుకే ఆ అలవాటు అతనిలో బాగా ముదిరింది.

వేసవి సెలవులు అయిపోవస్తున్న రోజుల్లో, కర్నూలు నుంచి సుహాసిని అనే ఆవిడ ఫోను చేసింది. ఆమె అక్కడ బట్టల కొట్టు నడుపుతోంది. ఆమెకు హిమజ అనే పదకొండేళ్ళ కూతురు ఉంది. బడి తెరిచేలోపు కూతురికి ఇసుకదిబ్బలు చూపించాలని ఆమె కోరిక.

“గుడిసె ఎలా ఉన్నా సర్దుకుంటాం. తిండి ఏదైనా తింటాం. ఒక్కటే అడుగుతాను. మీ దగ్గర ఫ్రిజ్ ఉందా?”

“ఉందండీ” అన్నాడు తిప్పేస్వామి వెంటనే.

“పనిచేస్తుంది కదా? మా పాపకు చిన్నప్పటి నుంచీ షుగరు జబ్బు. రెండు పూటలా ఇన్సులిన్ సూది వేయాలి. ఆ మందు చల్లగా ఉండాలి. అందుకని అడుగుతున్నాను.”

“బ్రహ్మాండంగా పనిచేస్తుంది మేడం. మీరు ధైర్యంగా రండి” అన్నాడు.

ఫ్రిజ్ ఉన్నమాట నిజమే. వంట కొట్టంలో ఒక మూల నిలబడి ఉండేది. కానీ అది చెడిపోయి చాలా కాలమైంది. ఎలుకలు పడకుండా మారెక్క అందులో రాగిపిండి, కందిపప్పు దాచేది.

ఆ మాట విన్న మారెక్క చేతిలో పని ఆపేసింది. “మందు కోసమయ్యా ఆమె అడిగింది! ఫోను చేసి చెప్పు, లేదని.”

“చెప్తే రారు.”

“రాకపోతే మానె!”

“నువ్వుండు. సోడా కొట్టు నుంచి ఐసు తెస్తాను. మందుకు కావాల్సింది చల్లదనమే కదా? అది ఫ్రిజ్‌లో చల్లబడితే ఏమి, ఐసులో చల్లబడితే ఏమి?” అన్నాడు.

వాళ్ళు వచ్చిన సాయంత్రం ఎండ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. కారు ఇసుకలోకి రాదు కనుక, తారురోడ్డు ఆగిపోయిన చోట దాన్ని నిలిపి, తల్లీకూతుళ్ళు ఎద్దులబండిలో విడిదికి చేరారు. హిమజ బక్కపలచటి పిల్ల. కళ్ళల్లో మాత్రం ఎక్కడలేని హుషారు. బండి ఆగీ ఆగకముందే ఇసుకలోకి దూకి, చెప్పులు విప్పేసి, దిబ్బ ఎక్కి జారుతూ కిందకు వచ్చింది.

రాత్రి భోజనానికి ముందు సుహాసిని పాపకు సూది వేసి, ఒక చిన్న నీలం డబ్బా తెచ్చి తిప్పేస్వామి చేతిలో పెట్టింది. “రెండు సీసాలున్నాయి. ఒకటి వాడుకకు, ఇంకొకటి అవసరానికి. జాగ్రత్తగా ఫ్రిజ్‌లో పెట్టండి. రేపు పొద్దున్నే ఇస్తే చాలు.”

“నేను పెడతాను మేడం. లోపల మసి, పొగ. మీరు రావద్దు” అని అతను డబ్బా పట్టుకుని గబగబా వంట కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

సోడా కొట్టు నుంచి తెచ్చి థర్మోకోల్ పెట్టెలో పోసిన ఐసుముక్కలు అప్పటికే సగం కరిగాయి. తెల్లారేసరికి అవి నీళ్ళైపోతాయని అతనికి దిగులు పట్టుకుంది. చిన్నప్పుడు జాతరలో పుల్ల ఐసు అమ్మేవాడు ఐసులో గుప్పిళ్ళతో ఉప్పు చల్లడం అతనికి గుర్తుకొచ్చింది. ఉప్పు వేస్తే ఐసు చల్లదనం మరింత పెరుగుతుందని ఆ అమ్మేవాడే చెప్పాడు. తిప్పేస్వామి మురిసిపోయాడు. కల్లుప్పు దోసిళ్ళతో తీసి ఐసులో కలిపి, నడిమధ్యన నీలం డబ్బా దూర్చి, పైన గోనెపట్టా కప్పాడు.

పొద్దున్నే లేచి చూస్తే డబ్బా మీద తెల్లగా మంచునూగు పట్టి ఉంది. మూత తీసి సీసాలు పట్టుకుంటే వేళ్ళు జివ్వుమన్నాయి. లోపల మందు రాయిలా గడ్డకట్టింది. ‘ఫ్రిజ్ కూడా ఇంత చల్లగా ఉంచదు’ అనుకున్నాడు. కానీ గడ్డకట్టిన మందు ఇస్తే ఆమె ఏమిటిదని అడుగుతుంది. అందుకని సీసాలను తువ్వాలులో చుట్టి, కాసేపు ఎండలో పెట్టాడు. కరిగాక తుడిచి, డబ్బాలో సర్ది తీసుకెళ్ళి ఇచ్చాడు.

సుహాసిని డబ్బా తాకి చూసింది. చల్లగా ఉంది. “చాలా థాంక్సండీ. మీరు ఉండబట్టి నాకు ఏ చింతా లేదు” అంది.

ఆ మాట విని తిప్పేస్వామి ఛాతీ ఉబ్బింది. మారెక్క వైపు, చూశావా అన్నట్టు చూశాడు. మారెక్క ముఖం తిప్పుకుంది.

సుహాసిని సీసాను అరచేతుల మధ్య దొర్లించి, సూదిలోకి మందు తీసి పాపకు వేసింది. మందు ఎప్పటిలా తెల్లగానే కనిపించింది. తేడా ఉన్నా కంటికి ఆనేంత లేదు.

ఆ పొద్దున చాలాసేపు హిమజ గొర్రెల దొడ్డిలోనే గడిపింది. కొత్తగా ఈనిన గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఎంతకీ వదల్లేదు. తర్వాత ఎద్దులబండిలో ఏటి పాయ దాకా వెళ్ళివచ్చారు. దారంతా ఆ పిల్ల నీళ్ళు తాగుతూనే ఉంది. తెచ్చిన సీసా ఖాళీ చేసి, తల్లి సీసా కూడా ఖాళీ చేసింది.

“అమ్మా, ఇంకా దాహంగా ఉంది.”

“ఎండ కదమ్మా. విడిదికి వెళ్ళాక తాగుదువు” అంది సుహాసిని. కానీ ఆమె కళ్ళు పాప ముఖం మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం తిరిగి వచ్చాక ఆమె పాప వేలిమీద చిన్న సూదితో పొడిచి, రక్తపు చుక్కను మీటరుకు అంటించి చూసింది. చూడగానే ఆమె ముఖం మారిపోయింది. షుగరు ఉండాల్సిన దానికంటే ఎంతో ఎక్కువగా ఉంది.

“పొద్దున సూది వేశాను కదా! ఎందుకిలా పెరిగింది?” అని తనలో తానే అనుకుంటూ, ఇంకొంచెం మందు తీసి మళ్ళీ వేసింది.

విస్తరి వేయడానికి వచ్చిన తిప్పేస్వామి అక్కడే నిలబడిపోయాడు. “ఆ మందు అంత ముఖ్యమా మేడం?” అని అడిగాడు.

“అన్నం లేకపోయినా ఒక పూట ఉండొచ్చు గానీ, ఈ పిల్ల ఈ మందు లేకుండా ఉండలేదండీ” అంది సుహాసిని, సీసాను మళ్ళీ డబ్బాలో పెడుతూ. “దీంతో పెద్ద తంటా. వేడి తగిలితే పాడవుతుంది. అలాగని మరీ చల్లబెట్టకూడదు. ఒక్కసారి గడ్డకట్టిందంటే మళ్ళీ కరిగినా ఇక పనికిరాదు. ఉత్త నీళ్ళతో సమానం. అందుకే ఇంట్లో కూడా ఐసు గడ్డకట్టే అరకు దూరంగా పెడతాను.”

తిప్పేస్వామి చేతిలో విస్తరాకు జారి కిందపడింది.

వంగి దాన్ని తీసుకున్నాడు. వడ్డించాడు. ఏమి వడ్డించాడో అతనికే తెలియదు. వంట కొట్టంలోకి వెళ్ళి, గోనెపట్టా ఎత్తి పెట్టెలోకి చూశాడు. ఐసంతా కరిగి ఉప్పునీళ్ళైపోయింది. ఉప్పు తెల్లగా అంచులకు అంటుకుని ఉంది.

‘పూర్తిగా గడ్డకట్టలేదేమో’ అనుకున్నాడు. కానీ పొద్దున తన వేళ్ళకు తగిలింది రాయిలాంటి గట్టిదనమే. ‘ఒక సీసా గడ్డకట్టి ఉంటుంది, రెండోది బాగుండొచ్చు’ అనుకున్నాడు. రెండూ తన చేత్తోనే ఎండలో పెట్టాడు. ‘ఇప్పుడు మళ్ళీ సూది వేసింది కదా, కాస్త నెమ్మదిస్తుంది’ అనుకున్నాడు.

చెప్పాలి. చెప్తే ఆమె ఏమంటుంది? ‘ఫ్రిజ్ ఉందన్నావు కదా’ అంటుంది. నలుగురికీ చెప్తుంది. ఇక ఎవరూ రారు. సాయంత్రం వాళ్ళు ఎలాగూ వెళ్ళిపోతారు, ఊరికి పోయి కొత్త మందు కొనుక్కుంటారు. అంతదాకా ఓర్చుకుంటే చాలు. ఇలా తనకు తాను నచ్చజెప్పుకుని, పెట్టెను కట్టెల వెనక్కి తోశాడు.

కానీ కాలు ఒకచోట నిలవలేదు. నీళ్ళ వంకతో ఒకసారి, విసనకర్ర వంకతో ఒకసారి, ఊరికే ఒకసారి ఆ గుడిసె దగ్గరకు వెళ్ళి లోపలికి చూశాడు. వెళ్ళిన ప్రతిసారీ హిమజ ఇంకా కొంచెం వాడిపోయి కనిపించింది. మొదట మంచం మీద కూర్చుని ఉంది. తర్వాత గోడకు ఒరిగింది. తర్వాత పడుకుంది. గొర్రెపిల్లను తెచ్చి పక్కన వదిలినా చేయి చాపలేదు.

“ఏమయ్యా, ఎందుకు అట్ల కాలుకాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?” అంది మారెక్క.

“ఏమీలేదు.”

“పాపకు బాగలేదు. నీకు తెలిసిందేమన్నా ఉందా?”

“నాకేం తెలుస్తుంది?” అన్నాడు. అని, ఆమె కళ్ళలోకి చూడలేక బయటికి నడిచాడు.

పొద్దు వాలకముందే గాలి లేచింది. ఆ నెలలో అక్కడ గాలి ఊరికే వీచదు. దిబ్బల కొనల మీది ఇసుకను పొగలా లేపి ఎగజిమ్ముతుంది. గుడిసె కప్పుల మీద ఇసుక చరచరా రాలసాగింది. ఎద్దులు తలలు వంచుకుని నిలబడ్డాయి. అప్పుడే గుడిసెలో నుంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

తిప్పేస్వామి, మారెక్క ఇద్దరూ పరుగెత్తారు. హిమజ మంచం కోడు పట్టుకుని వంగి ఉంది. పెదవులు పగిలిపోయాయి. ఊపిరి పెద్దపెద్దగా తీస్తోంది. సుహాసిని చేతిలో మీటరు ఉంది. అది అంకె చూపించడం మానేసి, లెక్కకు అందనంత ఎక్కువ అని మాత్రం చూపిస్తోంది.

“నిజం చెప్పు హిమా! నాకు తెలియకుండా ఏం తిన్నావు?” అని సుహాసిని కూతురి భుజాలు పట్టుకుని అడిగింది.

“ఏమీ తినలేదమ్మా.”

“బెల్లం తిన్నావా? ఎవరైనా మామిడిపండు ఇచ్చారా? రెండు సూదులు వేసినా తగ్గలేదంటే నువ్వేదో తినే ఉంటావు. అబద్ధం చెప్పకు!”

“ఒట్టమ్మా. నీ మీద ఒట్టు. నేనేమీ తినలేదు” అని ఆ పిల్ల ఏడ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక, చప్పుడు లేకుండా ఏడ్చింది.

“ఈ గాలిలో ఇప్పుడెలా బయలుదేరతాం? ఇంకోసారి మందు వేస్తాను. కాసేపు కళ్ళు మూసుకుని పడుకో. గాలి తగ్గాక వెళ్ళిపోదాం” అంటూ సుహాసిని మళ్ళీ నీలం డబ్బా తెరిచింది. సీసాలోకి సూది గుచ్చింది.

తిప్పేస్వామికి చెవుల్లో హోరు మొదలైంది. అది బయటి గాలి హోరో, తన గుండెదో అతనికి తెలియలేదు. చేయని తప్పుకు ఆ పిల్ల ఒట్లు వేస్తోంది. తల్లి నీళ్ళలాంటి మందును నమ్ముకుని గాలి తగ్గేదాకా కూర్చోబోతోంది. గాలి ఒక్కోసారి తెల్లవార్లూ తగ్గదు.

“వద్దమ్మా!” అని అరిచాడు.

అందరూ అతని వైపు చూశారు.

“వేయొద్దు. అది పనికిరాదు. పాప ఏమీ తినలేదు. తప్పు నాది” అన్నాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. “నా దగ్గర ఫ్రిజ్ లేదమ్మా. ఉంది గానీ చెడిపోయింది. ఐసులో పెట్టినాను. ఉప్పు కలిపినాను. పొద్దున చూస్తే రెండు సీసాలూ గడ్డకట్టినాయి. ఎండలో కరిగించి మీకిచ్చినాను.”

సుహాసిని చేతిలో సూది అలాగే ఆగిపోయింది. “రెండూనా?” అంది.

“రెండూనమ్మా.”

“మధ్యాహ్నం నేను చెప్పినప్పుడు... అప్పుడు మీకు తెలిసిందా?”

తిప్పేస్వామి తల దించుకున్నాడు.

ఆమె అతన్ని తిట్టలేదు. తిట్టడానికి వ్యవధి లేదు. సూదిని కింద పడేసి, పాపను దుప్పట్లో చుట్టి, “బండి కట్టండి. ఇప్పుడే, ఈ నిమిషమే!” అంది.

అంత గాలిలో ఎద్దులు కదలనన్నాయి. తిప్పేస్వామి వాటి ముందు నడుస్తూ పగ్గాలు పట్టి లాగాడు. ఇసుక కళ్ళల్లో, నోట్లో, చెవుల్లో కొట్టింది. రోజూ నడిచే దారి కనబడలేదు. ముందురోజు పడ్డ బండి జాడలన్నీ చెరిగిపోయాయి. ఒక దిబ్బ పక్కన చక్రం కూరుకుపోతే, మారెక్క దిగి భుజం ఆనించి తోసింది. బండిలో సుహాసిని తన చీరకొంగు పాప ముఖానికి అడ్డుపెట్టి, “హిమా, నిద్రపోకు. నాతో మాట్లాడు. గొర్రెపిల్లకు ఏం పేరు పెట్టావు? చెప్పమ్మా!” అంటూనే ఉంది. మొదట్లో పాప ఏదో గొణిగింది. తర్వాత ఆ గొణుగుడు కూడా ఆగిపోయింది.

“అమ్మా, పాప పలుకుతోందా?” అని తిప్పేస్వామి వెనక్కి తిరిగి అరిచాడు.

జవాబు రాలేదు. గాలి జవాబును ఎత్తుకుపోయిందో, చెప్పడానికి జవాబే లేదో అతనికి తెలియలేదు. అంత భయం అతను జన్మలో ఎరుగడు.

చివరికి గాలిదుమ్ములో కారు మసకగా కనిపించింది. మారెక్క వెనక సీట్లో కూర్చుని పాప తలను ఒళ్ళో పెట్టుకుంది. సుహాసిని కారు నడిపింది. తిప్పేస్వామి పక్కన కూర్చుని దారి చెప్పాడు. పట్నంలో ఆసుపత్రి దీపాలు కనిపించేసరికి మారెక్క చేతులెత్తి మొక్కింది.

డాక్టరమ్మ పాపను చూడగానే లోపలికి తీసుకెళ్ళమంది. “మందు ఎప్పుడు వేశారు? ఎంత వేశారు?” అని అడిగింది.

“నిన్న రాత్రి వేసిందే అసలు మందు. ఇవ్వాళ వేసినవి రెండూ గడ్డకట్టి పాడైనవి” అని సుహాసిని చెప్పింది.

“ఆ సంగతి తెలియడం మంచిదైంది” అంది డాక్టరమ్మ. “తెలియక వాటినే నమ్ముకుని ఇంకా కూర్చుని ఉంటే, పాపను తెచ్చినా నేను చేసేదేమీ ఉండేది కాదు.”

పాపకు సెలైను పెట్టారు. కొత్త మందు ఎక్కించడం మొదలుపెట్టారు. వసారాలో బెంచీ మీద ఒక చివర సుహాసిని, ఇంకో చివర మారెక్క కూర్చున్నారు. తిప్పేస్వామి కూర్చోలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడుతూ, గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. నర్సు బయటికి వచ్చిన ప్రతిసారీ ముగ్గురి ముఖాలూ ఒక్కసారే పైకి లేచేవి. ఆమె ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతే మళ్ళీ ఒక్కసారే వాలేవి.

ఎంతసేపటికో డాక్టరమ్మే బయటికి వచ్చింది. “కళ్ళు తెరిచింది. ఇంకా ఇక్కడే ఉంచాలి గానీ, గండం గడిచింది. అమ్మను అడుగుతోంది” అంది.

సుహాసిని లోపలికి పరుగెత్తింది. తెరిచిన తలుపులోంచి ఆమె మాటలు వినిపించాయి. “నువ్వు నిజమే చెప్పావమ్మా. నేనే నమ్మలేదు. నన్ను క్షమించు తల్లీ.”

పాప ఏమందో వినబడలేదు. తిప్పేస్వామి మాత్రం తువ్వాలు ముఖానికి అడ్డుపెట్టుకుని గోడవైపు తిరిగాడు.

సుహాసిని బయటికి వచ్చాక అతను ఆమె ముందుకు వెళ్ళి చేతులు జోడించాడు. “నేను చేసింది క్షమించరాని తప్పు తల్లీ. లేదని చెప్తే మీరు రారేమోనని భయపడినాను.”

సుహాసిని అలసిపోయిన గొంతుతో అంది. “రాకపోవడమా? లేదని చెప్పినా మేం వచ్చేవాళ్ళమే. కరెంటు పోయినప్పుడల్లా నేను మందును చిన్న మట్టిముంతలో పెట్టి, చుట్టూ తడిగుడ్డ కప్పుతాను. రెండు రోజులైనా చెడదు. ఆ ముంత తెచ్చుకోవాలా వద్దా అని తెలుసుకోవడానికే మిమ్మల్ని అడిగాను. మీరు ‘ఉందండీ’ అన్నారు. ఉందన్నారు కదా అని ముంతను ఇంట్లోనే వదిలి వచ్చాను.”

తిప్పేస్వామి జోడించిన చేతులను నుదుటికి ఆనించుకున్నాడు.

“అయినా, ఫ్రిజ్ కోసం ఎవరైనా ఇసుకదిబ్బల్లోకి వస్తారా?” అంది ఆమె. “నా బిడ్డ అక్కడికి వచ్చింది ఇసుక కోసం, గొర్రెపిల్లల కోసం. అవి మీ దగ్గర నిజంగానే ఉన్నాయి. చివరికైనా నోరు విప్పారు, అందుకు దండం పెడతాను. కానీ మధ్యాహ్నం విప్పి ఉంటే నా బిడ్డకు ఇంత బాధ ఉండేది కాదు. ఆ సంగతి నేను మరిచిపోలేను.”

అంతే అంది. క్షమించానని అనలేదు. జోడించిన చేతులను తిప్పేస్వామి చాలాసేపు దించలేకపోయాడు.

రెండు రోజుల తర్వాత హిమజ కోలుకుని తల్లితో కర్నూలు వెళ్ళిపోయింది. జరిగింది నలుగురికీ తెలిసింది. ఆ ఏడు విడిదికి వచ్చేవాళ్ళు బాగా తగ్గారు. తిప్పేస్వామి ఎవరినీ తప్పుపట్టలేదు. ఆ తర్వాత ఎవరు ఫోను చేసినా, వాళ్ళు అడగకముందే తన దగ్గర లేనివన్నీ మొదట చెప్పేవాడు. ఒక్కొక్క ‘లేదు’ చెప్పడం మొదట్లో అతనికి కష్టంగానే ఉండేది. కొందరు విని మానుకున్నారు. చాలామంది కావలసినవి తామే తెచ్చుకుని వచ్చారు, హాయిగా ఉండి వెళ్ళారు. మారెక్కకు నీళ్ళ కాగులు మోసే పని తప్పింది. తిప్పేస్వామికి ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనన్న దడ తప్పింది.

లేనిది లేదని చెబితే విన్నవాళ్ళు తమ జాగ్రత్త తాము పడతారు. లేనిదాన్ని ఉందని నమ్మిస్తే ఆ జాగ్రత్తను కూడా మనమే వాళ్ళ చేతుల్లోంచి లాగేసుకున్నట్టు.